కోల్మన్స్‌కోప్: ఇసుక కాపురముంటున్న ఊరు

మధ్యాహ్నం పన్నెండుంబావుకి నమీబియాలోని కోల్మన్స్‌కోప్‌లో, ఒక ఖాళీ ఇంటి గదిలో తలుపుకి అడ్డంగా ఇసుక కూలింది. లోపల ఇద్దరం ఉన్నాం. గేటు దగ్గరి హోటల్లో ఒక ముసలావిడ భోజనానికి ముందు వేసుకోవాల్సిన ఇన్సులిన్ కోసం ఎదురుచూస్తోంది. ఆ డబ్బా మా దగ్గరే ఉంది. గేటు ఒంటిగంటకి మూస్తారు.

కువైట్‌లో, షర్క్‌లోని పత్రికాఫీసులో పనిచేస్తూ దుమ్ము తుఫానుల వార్తలు చాలా రాశాను. ఊడ్చేవాళ్లు లేకపోతే ఇసుక ఏం చేస్తుందో చూద్దామని 2014 సెలవుల్లో బయల్దేరాను. విండ్‌హుక్ దాకా విమానం, అక్కణ్ణుంచి లూడెరిట్స్‌కి రెండు రోజులు రోడ్డు ప్రయాణం. లూడెరిట్స్ నుంచి టాక్సీలో పావుగంట. రానూపోనూ మూడు వందల నమీబియా డాలర్లు. కోల్మన్స్‌కోప్ అనగానే డ్రైవర్ "ఎవరింటికి సార్?" అని నవ్వాడు.

వజ్రాలు దొరికినన్నాళ్లు అక్కడ ఆసుపత్రి, నాటకశాల నడిచాయి. వజ్రాలు తగ్గాక జనం వెళ్లిపోయారు. గైడు వెంట తిరిగే పదకొండు గంటల బృందంలో తెలుగు వినపడింది. కడప లక్ష్మీదేవక్క. కువైట్‌లోనే, రుమైథియాలో పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో పని. ఆ ఇంటి మామా, అంటే ముసలి యజమానురాలు, ఎక్కడికెళ్లినా ఈమెని వెంట తీసుకెళ్తుందట. మామాని హోటల్లో కూర్చోబెట్టి, ఇన్సులిన్ డబ్బా ఉన్న సంచి భుజాన వేసుకుని వచ్చింది.

గైడు వెళ్లిపోయాక ఇద్దరం ఒక ఇంట్లోకి దూరాం. గోడకాగితం మీద పూలు ఇంకా ఉన్నాయి. ఇసుక కిటికీ అంచుదాకా ఉంది. బయట గాలి లేచింది. పై అంతస్తులో ఎవరో నడిచినట్టు చప్పుడైంది. మేడమెట్లు ఎప్పుడో కూలిపోయాయి. నేను పైకి చూస్తున్నంతలో ఆమె వెనక్కి తిరిగి తలుపు లాగి మూసేసింది. ఇన్నాళ్లూ ఆ తలుపు రెక్కకి ఆనుకుని నిలబడ్డ దిబ్బ జారి, నడుమెత్తున అడ్డం పడింది.

"ఎందుకు మూశావక్కా?"

"గాలి లేస్తే తలుపెయ్యకుంటే మామా ఊరుకుంటాదా? చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయిందన్నా!"

నేను కిటికీ వైపు ఎక్కబోయాను. అడుగుకో గంపెడు ఇసుక కిందికి జారింది. కేకలేస్తే పక్క గదిలోంచి మా గొంతులే ఆలస్యంగా వినిపించాయి.

"నువ్వు కదలగాకు సామీ, నన్ను పూడ్చిపెడతావా ఏంది! కారు ఇసుకలో దిగబడితే చక్రం కింద ఏమేస్తారు?"

శాలువా తీసి ఇసుక మీద పరిచింది. దాని మీద బోర్లా పాకుతూ, ముందుకి జరుపుకుంటూ కిటికీ చేరి, నాకు విసిరింది. నేను చేరేసరికి ఆమె బయట పరిగెడుతోంది. వెనక్కి చూస్తే మేము పాకిన జాడ అప్పటికే లేదు.

పన్నెండు నలభైకి హోటల్ చేరేసరికి మామా ముందు పళ్లెం ముట్టకుండా ఉంది. "వేన్ కుంతి?" అంటూ, ఇంతసేపూ ఎక్కడున్నావని అరబ్బీలో తిట్టింది. లక్ష్మీదేవక్క సూది వేసి, పళ్లెం ముందుకి జరిపింది. మామా ఆమె మణికట్టు పట్టుకుని, తినడం అయ్యేదాకా వదల్లేదు.

అక్కడ తెరిచున్న ప్రతి తలుపునీ ఇసుక ఒక లెక్కలో నిలబెట్టి ఉంచింది. ఆ లెక్క మన ఇళ్ల అలవాట్లకి తెలియదు. వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తాను: తలుపు ఎలా ఉందో అలా వదిలేయండి.

జరిగింది గైడుకి చెప్పాం. మర్నాడు తొమ్మిదిన్నర బృందం వచ్చేలోపు ఆ గుమ్మానికి తాడు కడతామన్నాడు. ఇకనుంచి ఆ గదిని కిటికీలోంచే చూపిస్తారట.