హ్యాండిల్ వాడిది, బటన్లు నావి

పాత సామాన్ల వాడి దగ్గర కొన్న వీడియో గేమ్ మెషీన్ ఈ రోజు బాగైంది. అదే, చిన్నప్పుడు షాపుల్లో కాయిన్ వేసి నిలబడి ఆడేవాళ్లం చూడండి, బీరువాలా ఉండేది. మా గురుగ్రామ్ ఫ్లాట్‌లో దానికి బాల్కనీయే దిక్కు.

రెండో ఆటగాడి వైపు అస్సలు పలికేది కాదు. వెనక తలుపు తీసి చూస్తే, బోర్డుకి కనెక్టర్ తగిలే చోట గీతలన్నీ నల్లబడి ఉన్నాయి. మా అమ్మాయి పెన్సిల్ రబ్బరు తీసుకుని రుద్ది, కనెక్టర్ మళ్లీ గట్టిగా నొక్కాను. రెండు వైపులా లేచి కూర్చున్నాయి. ఇంతేనా అని ఒళ్లు మండింది.

ఎందుకంటే తణుకులో మా వీధి చివర షాపులో మెషీన్‌కీ ఇదే జబ్బు. వంతులేసుకునే ఓపిక లేక నేనూ నా ఫ్రెండు బాబ్జీ ఒకే వైపు ఇరుక్కుని ఆడేవాళ్లం. హ్యాండిల్ వాడిది, బటన్లు నావి. "దూకరా!" అని వాడు అరిస్తే నేను నొక్కాలి.

ఈ రోజు ఒక్కడినే ఆడబోతే ఎడమ చెయ్యి నాది కానట్టే ఉంది. హ్యాండిల్ ఎటు తిప్పాలో తెలిసేలోపే చచ్చాను.

మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "పాపా, ఆప్‌కో తో ఖేల్‌నా హీ నహీ ఆతా!"

"ఆడటం సగం వచ్చు తల్లీ," అన్నాను.

ఆ షాపాయన అప్పుడే ఓ రబ్బరు ముక్కతో రుద్ది ఉంటే చెరో వైపు నిలబడేవాళ్లం. రుద్దనందుకు ఆయనకో దండం.

బాబ్జీ ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. మీకు తెలిసిన బాబ్జీల్లో ఎవరికైనా బటన్లు నొక్కడం రాకపోతే చెప్పండి. వాడు మావాడే.