చదవకుండానే తప్పన్నాను

మా మేడ మీద కిరాయికుండే టీచరమ్మ పోయిన నెలలో కాలం చేసింది. మన్సూరాబాద్‌లో మా గల్లీ పిల్లలందరికీ ఆమె తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ బడి నుంచి వచ్చి, చేతిసంచీ భుజాన ఉండగానే మెట్ల మీద కూర్చుని వాళ్లకు కథ చదివేది. నేను నాలుగో తరగతి దాటనివాణ్ణి. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆమె మంచితనం కంటే ముందు నా తప్పు చెప్పాలి.

టీచరమ్మ పిల్లల కోసం ఒక నవల రాసింది. వాళ్ల అమ్మమ్మ చిన్ననాటి కథ. నిజాం కాలంలో కోస్తా నుంచి బండ్లు కట్టుకొచ్చి, కొత్త కాలువ కింద అడవి నరికి పొలాలు చేసుకున్న కుటుంబం వాళ్లది. ఆ పిల్ల ఉత్త మగరాయుడు. లంగా ఎగ్గట్టి అరక దున్నేది, వడిసెలతో అడవి పందుల్ని తరిమేది. మాది ఆ కాలువ పక్క ఊరే. అందుకే చేత్తో రాసిన కాగితాలు తెచ్చి నాకిచ్చింది.

"బాబాయ్ గారూ, ఇందులో మీ ఊరి పిల్ల కూడా ఉందండి, మా అమ్మమ్మ జతగత్తె. దాని మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టండి. పిల్లల పుస్తకమే కదా అని ఏదో ఒకటి రాసేయకూడదు."

అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుంటాను. చేతిరాత నాకు రాదు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. ఇంటి ఓనర్ని కదా! నెల రోజులు బీరువాలో పెట్టి తిరిగిచ్చాను.

"చదివిన. మా పిల్ల మాటలు అన్ని తప్పే. మా మాట మీకేం తెలుస్తది?"

"ఎక్కడెక్కడో గుర్తు పెట్టారా?"

"మొత్తం తప్పుంటే ఏడ పెట్టాలె?"

ఆమె ముఖం చిన్నబోయింది. వెంటనే నవ్వేసింది. "తప్పు రాయడం కంటే తీసేయడమే నయం లెండి" అని కాగితాలు తీసుకుని మేడెక్కింది.

పుస్తకం అచ్చయ్యాక మొదటిది నాకే ఇచ్చింది. షోకేసులో పెట్టి, నన్నడిగే రాసిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

జబ్బుపడి ఎల్బీనగర్ దవాఖానలో ఉన్న ఆమెను చూడబోయినప్పుడైనా నిజం చెప్పాల్సింది. "లేచాక మీ దగ్గర కూర్చుని మీ మాట నేర్చుకుంటాను బాబాయ్ గారూ" అంది. "ముందుగాల బువ్వ తిను" అని గదమాయించి వచ్చేశాను. ఆమె మళ్లీ లేవలేదు.

దినం అయిన మర్నాడు టీచరమ్మ వాళ్లాయన, పుస్తకంలోంచి తీసేసిన ఆ కాగితాలు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాడు. అది నా పక్కన కూర్చుని పైకి చదివింది. చదువుతూ చదువుతూ ఆగింది.

"తాతా, ఇందుల తప్పేడుంది? గీ పిల్ల అచ్చం నీ లెక్కనే మాట్లాడుతుంది గద!"

"తప్పు లేదు బిడ్డా. నేను చదవలే. నాకు రాదు."

అది కాగితం తిప్పింది. మిగిలింది చదివింది.

బర్రెను తోలుకుని అడవికి కట్టెలకు పోయిన ఇద్దరు పిల్లలను వాన పట్టుకుంది. కోస్తా పిల్ల ఎంత మగరాయుడైనా, పొంగిన వాగును చూసి ఒడ్డునే ఆగిపోయింది. మా ఊరి పిల్ల బర్రెనెక్కి నడి నీళ్లలోంచి వెనక్కి తిరిగింది. "గట్ల జూస్తవేందే? తోక వట్టుకో, నేనున్న గద!" అని చెయ్యి చాచింది.

ఆ మాట మీదుగా టీచరమ్మ కొట్టేసిన పెన్సిల్ గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.