కుడిపక్క భాగహారం

మాకు లెక్కలు చెప్పడం నేర్పడానికి మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇది ఎనభైల్లో మాట, పాండిచ్చేరిలో. ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళోని హైస్కూలు లెక్కల టీచర్లందరినీ లాస్‌పేటలో ఒక కాలేజీ హాల్లోకి తోలారు. నేను అప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. సెలవులు పోయాయన్న ఏడుపు ఒకటి, కిర్రుమంటూ తిరిగే ఆ ఫ్యాన్ల కింద ఉడికిపోవడం ఒకటి.

ఆయన తెచ్చిన కొత్త విద్య పేరు మాస్టరీ టీచింగ్. ఇంట్లో ఆ మాట చెబితే మా అత్తగారి చెవికి మేస్త్రీ అని వినబడింది. లెక్కల టీచరుకి మేస్త్రీ పనేంది, ఇల్లు కట్టేదానికి పోతా ఉండావా అని అడిగింది. మర్నాడు బస్సులో ఈ ముక్క మా అక్కకి చెప్పాను. ఆమె నవ్వలేదు గానీ, ఆ రోజు నుంచి ఆయన్ని మేస్త్రీ అనే పిలిచింది. నేనూ అదే వాడతాను. ఆయనకి అంతకన్నా పెద్ద పేరు అక్కర్లేదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా వీధి మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే బజారు వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు. మా స్కూల్లోనే నాకన్నా చాలా పెద్ద టీచరు. చిన్నప్పుడు, ఊరు ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో, వాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఫ్రెంచి బడిలో చదువుకుంది. పదో తరగతి లెక్కలు ఏళ్ళ తరబడి ఆమెవే. ముక్కు మీద కోపం, తన లెక్క మీద ఎక్కడలేని గర్వం. పెళ్ళి చేసుకోలేదు. ఆ పదో తరగతే ఆమె సంసారం. బజార్లో ఎవరైనా "పదో తరగతి టీచరమ్మ పోతావుంది" అంటే వినబడనట్టే కొంగు సర్దుకుని ఇంకాస్త నిటారుగా నడిచేది.

మేస్త్రీ బోధ ఏమిటంటే, ఒక పాఠం తరగతిలో చివరి పిల్లకి కూడా వచ్చేదాకా రెండో పాఠానికి పోకూడదు. రానివాళ్ళకి ఇంకో రకంగా చెప్పాలి, మళ్ళీ పరీక్ష పెట్టాలి. నిజం చెప్పాలంటే మంచి మాటే. దాన్ని మోసుకొచ్చిన మనిషే దండగ. సఫారీ సూటు, జేబులో వరసగా పెన్నులు, మాటకి ముందు "ఫారిన్‌లో అయితే" అనడం. క్లాసులో పాఠం చెప్పి ఎన్నాళ్ళయిందని ఒకాయన అడిగితే, తాను రీసెర్చి వైపు అన్నాడు. ఆయన దగ్గర ఒక ప్రొజెక్టరు, దాని మీద పెట్టే ప్లాస్టిక్ కాగితాలు ఉండేవి. ఒకటి పెట్టి "అండర్‌స్టుడ్?" అనేవాడు, మేం నోరు తెరిచేలోపే అది తీసి ఇంకోటి పెట్టేవాడు. ఒక్కరూ వెనకబడకూడదని చెప్పే శిక్షణలో, రెండో రోజు టీ వేళకే హాలు హాలంతా వెనకబడిపోయింది. అయినా అందరం గంగిరెద్దుల్లా తలలూపుతూనే ఉన్నాం. అడిగితే మన తెలివి బయటపడుతుందని భయం. మా హెడ్‌మిస్ట్రెస్ ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా ఊపేది. ఆమె చదివింది చరిత్ర.

చివరి రోజు మాకే పరీక్ష పెట్టాడు. మా హెడ్‌మిస్ట్రెస్‌తో ముందే మాట్లాడుకున్నాడు కాబోలు, తప్పినవాళ్ళు మళ్ళీ శిక్షణకి రావాలి, అది పాసయ్యేదాకా వాళ్ళకి పదో తరగతి ఇవ్వరు అని పేపర్లు పంచుతూ ప్రకటించాడు. అక్క అదేమీ పట్టించుకోలేదు. అందరికన్నా ముందు రాసి ఇచ్చేసి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం దిద్దిన పేపర్లు ఇచ్చాడు. నేను పాసు, అక్క ఫెయిలు. ఆమె పేపరు చేతిలో పట్టుకుని కదల్లేదు. నేను వంగి చూశాను. భాగహారాలన్నిటి మీదా ఎర్ర ఇంటూలు. జవాబులు మాత్రం అన్నీ సరైనవే.

సంగతి ఏమిటంటే, మన బళ్ళలో నేర్పే ఇంగ్లీషు పద్ధతిలో భాగించే అంకె ఎడమపక్క రాస్తాం, జవాబు నెత్తిన రాస్తాం. ఫ్రెంచి బడిలో భాగించే అంకె కుడిపక్కన, జవాబు దాని కింద. దశాంశానికి మనం చుక్క పెడితే వాళ్ళు కామా పెడతారు. అక్క పిల్లలకి పరీక్షలో పనికొచ్చే ఇంగ్లీషు పద్ధతే చెప్పేది. తనకోసం వేసుకునేటప్పుడు మాత్రం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైనట్టు వేసేది. ఆ రోజు ముందు పిల్లలెవరూ లేరు కదా, అలాగే వేసేసింది.

నేను పేపరు తీసుకుపోయి మేస్త్రీకి చెప్పాను, ఇది ఫ్రెంచి పద్ధతి, జవాబులు సరిచూడండి అని. ఆయన కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశాడు. నిజంగానే తిప్పాడు. పన్నెండున్నరలో కామా ఏమిటి, ఇది పన్నెండూ ఐదూ అని రెండు అంకెలా అన్నాడు. ఫ్రెంచివాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందని నవ్వాడు. జవాబు సరైనదా కాదా అని మళ్ళీ అడిగాను. గుణించి చూసుకోవడం ఎంతసేపు? ఆ పని చెయ్యలేదు, చెయ్యగలడని కూడా నాకు నమ్మకం లేదు. తను తెచ్చుకున్న మోడల్ జవాబుల కాగితం చూసి, పద్ధతి ఇందులో లేదు కాబట్టి మార్కులు లేవు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లెక్కల మనిషికి జవాబు కనబడకపోతే ఇంకేం కనబడుతుంది?

అప్పుడు అక్క లేచింది. హాలంతా వినబడేట్టు, తమిళంలో, నెమ్మదిగా అంది.

"ఇది ఎందుకు తప్పో నాకు అర్థం కాలేదు. ఒక్కరికి అర్థం కాకపోయినా ముందుకి పోకూడదని మీరే చెప్పారు. చెప్పండి, ఉంటాను."

అని కూర్చుంది. దండలు, సర్టిఫికెట్లు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి, మద్రాసు బస్సుకి వేళవుతోంది. మేస్త్రీ హెడ్‌మిస్ట్రెస్‌ని చూశాడు, హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని చూసింది, మేం మా చెప్పులు చూసుకున్నాం. చివరికి, తర్వాత మాట్లాడదాం మేడం అని మెడ వంచి దండ వేయించుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం ఆ బెంచీలోనే ఉండిపోయింది. ప్యూను వచ్చి ఫ్యాన్లు ఆపేదాకా లేవలేదు.

ఆయన మళ్ళీ రాలేదు. మళ్ళీ పెడతామన్న శిక్షణా రాలేదు. అది పాసయితేనే పదో తరగతి అన్న మాట మాత్రం గోడలా నిలబడింది. బడి తెరిచాక ఆమె తరగతి నాకిచ్చి, ఆమెని ఆరో తరగతికి పంపారు. నాకు తల కొట్టేసినట్టయింది. మొదటి రోజు ఆ గదిలోకి పోలేక వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, ఆమే వచ్చి సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

"ఏడవబాకమే. యాడ చెప్పినా భాగహారం భాగహారమే. పో, పిల్లకాయలు కాచుకోని ఉండారు."

అన్నంత తేలిగ్గా ఆమె తీసుకోలేదని నాకు తెలుసు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు పదో తరగతి గది ముందు నుంచి కాకుండా, చుట్టూ తిరిగి సైకిల్ స్టాండు మీదుగా పోయేది. రిటైరయ్యేదాకా అదే దారి. రిటైరైన రోజు సభలో హెడ్‌మిస్ట్రెస్ ఆమెను పొగుడుతూ, లెక్కల మీద ఆమెకున్న మాస్టరీ అంది. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి.

ఆమె దగ్గర ఆరో తరగతి చదివిన పిల్లలు పెరిగి నా పదో తరగతికి వచ్చారు. మొదటి వారంలోనే వెనక బెంచీ పిల్లనొకదాన్ని పిలిచి, బోర్డు మీద భాగహారం వెయ్యమన్నాను. ఆ పిల్ల సుద్ద పట్టుకుని, అంకె వెయ్యకుండా నావైపు తిరిగి నిలబడింది. దీనికి రాదు కాబోలు, మొదటినుంచీ చెప్పాలి అనుకున్నాను.

"ఏ పక్క వెయ్యాల టీచర్? మాకందరికీ రెండూ వచ్చు."