జీపులో నీళ్లు ఎటు పోయినట్టు?

మొన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్తే, మా ఎదురింటి సారు తన పాత కారు బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగితే, ఇంజన్ చల్లబరిచే ఆ గులాబీ రంగు నీళ్లు మూడు రోజుల కిందటే నిండుగా పోయించాడట, ఇప్పుడు చూస్తే డబ్బా మీది గీత కన్నా కిందికి దిగిపోయాయట, బండి కింద మాత్రం చుక్క కూడా లేదట. ఆయన బడిలో లెక్కల మాస్టారు. పోసిన దానికీ మిగిలిన దానికీ లెక్క కుదరక ఆయన పెట్టిన మొహం చూస్తే నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది, ఎందుకంటే అచ్చంగా అదే మొహాన్ని నేనూ ఒకప్పుడు నెలరోజులకు పైగా మోసుకు తిరిగాను. ఆయన ఫోనులో ఒక ఫోటో తీసి ఎవరికో పంపించి, స్కూటర్ ఎక్కి బడికి వెళ్లిపోయాడు. నేనే పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడ నిలబడిపోయాను.

మాది నర్సింహులపేట వైపు. ఇప్పుడంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ, అప్పుడు అన్నీ వరంగల్లు కిందే ఉండేవి, ఎక్కడికి పోవాలన్నా బస్సు కోసం కాళ్లు పీక్కుపోయేలా నిలబడాల్సి వచ్చేది. మా అక్కను బచ్చన్నపేట దగ్గరి ఒక ఊరికి ఇచ్చారు. అమ్మ పోయిన తర్వాత నాకు అన్నం కలిపి పెట్టిందీ, పలక కొనిచ్చి బడికి తరిమిందీ అక్కే. బావ కాస్త భూమి ఉన్న ఇంటివాడు, నలుగురిలో మాట చెల్లాలనుకునే మనిషి, చెడ్డవాడని మాత్రం ఇప్పటికీ అనలేను. వరసగా రెండేళ్లు చెరువు నిండక పత్తి చేతికి రాకపోయేసరికి, వ్యవసాయాన్ని నమ్ముకుంటే లాభం లేదని ఎవరి దగ్గరో ఒక పాత డీజిల్ జీపు కొన్నాడు, బచ్చన్నపేటకూ జనగామకూ మధ్య జనాన్ని తిప్పుదామని. తీరా కొన్నాక ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టడం తెలిసినవాడే లేడు. నేను మా ఊళ్లో ట్రాక్టరు తోలుతున్నానని అక్క గుర్తు చేసిందట, అలా ఇరవై రెండేళ్ల వయసులో ఒక సంచీతో ఆ ఇంట్లో దిగాను.

మన ఈడు వాళ్లకు ఆ జీపులు గుర్తుండే ఉంటాయి. పది మంది పట్టే బండిలో పద్దెనిమిది మందిని కుక్కి, వెనక మెట్టు మీద నలుగురిని వేలాడదీసి, పైన పత్తి బోరాలు, మేకపిల్లలు, ఒక్కోసారి పెళ్లి మంచాలు కూడా కట్టుకుని పోయేవాళ్లం. తండాల నుంచి వచ్చే ఆడవాళ్లు తమ భాషలో గలగలా మాట్లాడుకుంటూ ఎక్కి, నేను గేరు మార్చినప్పుడల్లా ఏదో అని పకపకా నవ్వేవాళ్లు, అది నన్ను చూసో బండిని చూసో ఈ రోజుకీ తెలియదు. ఇంజన్‌కు కూలెంటూ గీలెంటూ అన్న మాటే మేమెరగం, రేడియేటర్‌లో బావి నీళ్లే పోసేవాళ్లం.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు పొద్దున క్యాప్ తిప్పి చూస్తే, కిందటి సాయంత్రం అంచుదాకా ఉన్న నీళ్లు జానెడు దిగి ఉన్నాయి. నేనే సరిగా పోయలేదేమో అనుకుని నింపాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బండి నడుస్తున్నప్పుడు తగ్గాయా అంటే, జనగామ జీపుల అడ్డా మీద ఆపి చూస్తే నీళ్లు పోసినవి పోసినట్టే ఉండేవి. పైపులన్నీ చేత్తో తడిమాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. పొద్దున్నే లేచి బండి చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసేవాణ్ని, ఎక్కడా కారిన గుర్తే కనిపించేది కాదు. రాత్రికి రాత్రి ఇంజనే నీళ్లు తాగుతోందా అని నిజంగానే అనుమానం వచ్చింది నాకు.

జనగామలో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు, ఊరంతటికీ చాచా. ఒక్క నట్టు పట్టుకుని చూసి బండి జాతకం చెప్పేవాడు. ఇంజన్ వేడిగా ఉండగానే కిందికి దూరి, వాటర్ పంపు, పై పైపు, కింది పైపు అన్నీ వెతికి, ఒళ్లంతా గ్రీజుతో బయటికి వచ్చి నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు.

“పొద్దుగాల బండి కింద సూసినవా బేటా, తడి ఉన్నదా?”

“లేదు చాచా, ఒక్క సుక్క లేదు.”

నేను అబద్ధం ఆడలేదు. కానీ ఆ జవాబే మమ్మల్నందరినీ తప్పుదారి పట్టించింది, అది తర్వాత చెబుతాను. బయటికి కారకపోతే లోపలే ఎక్కడో సన్న చిల్లు ఉంటుందని, అప్పట్లో డ్రైవర్లందరూ చేసినట్టే చాచా గుప్పెడు పసుపు రేడియేటర్‌లో పోయించాడు, పసుపు ఉబ్బి చిల్లు పూడుతుందని. పూడిందో లేదో గానీ నాలుగో రోజు బచ్చన్నపేట ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ మసిలి, నేను తొందరపడి క్యాప్ తిప్పేసరికి, పక్కకు వచ్చి నిలబడ్డ ఒక పెద్దమనిషి తెల్లటి ధోవతి మీద పసుపు నీళ్లు చిమ్మాయి. అదృష్టం కొద్దీ ఆయన ఒళ్లు కాలలేదు. ఈ వయసులో మళ్లీ పెళ్లికొడుకును చేశావు కదరా అని ఆయన నవ్వాడు, బండిలో జనమంతా నవ్వారు, బావ ఒక్కడే నవ్వలేదు. నడిరోడ్డు మీద బండి ఆగడం ఆయనకు పరువు పోవడం కింద లెక్క.

ఇక ఇంజన్ హెడ్డు విప్పి లోపలి గాస్కెట్ చూడాల్సిందేనని చాచా తేల్చాడు. అంటే వారం పది రోజులు బండి మూలన పడుతుంది. పోనీ ఒక్క రాత్రి తన షెడ్డులో వదిలిపెట్టమన్నాడు, అలాగైతే పొద్దున మొదటి ట్రిప్పు ఎవరు కొడతారని బావ ఒప్పుకోలేదు. అప్పటినుంచి బావ చూపు బండి మీది నుంచి నా మీదికి మళ్లింది. నేను పోస్తుంటే పక్కన నిలబడి చూసేవాడు, పోసిన తర్వాత క్యాప్ తనే బిగించేవాడు, పొద్దున తనే విప్పేవాడు, జానెడు తగ్గే ఉండేది. ఇందులో నా తప్పేమిటో నాకు అర్థమయ్యేది కాదు, నా తప్పు లేదని ఎలా చెప్పాలో అంతకన్నా అర్థమయ్యేది కాదు. అవే రోజుల్లో మొగుళ్లపల్లిలో ఉండే నా దోస్తు ఒకడు, భూపాలపల్లి గనుల వైపు డ్రైవర్లు కావాలంటున్నారు, వస్తావా అని ఉత్తరం రాశాడు. నేను వెళ్తానని అనుకోలేదు, ఉత్తరం దాచాలనీ అనుకోలేదు, అది బావ కంటపడింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, నా ముందే, అక్కతో అన్నాడు.

“నీ తమ్ముడే నీళ్లు ఇడుస్తున్నడు. రేడియేటర్ కింద టోటీ ఉంటది, తిప్పితే పోతయ్. భూపాలపల్లి పోవుడుకు సాకు కావాలె గదా.”

అక్క గంటె పట్టుకుని ఆయన వైపోసారి, నా వైపోసారి చూసింది, ఏమీ అనలేదు. బావ అన్న మాట కన్నా ఆ మౌనమే నాకు ఎక్కువ తగిలింది. నువ్వు కూడా నమ్ముతున్నావా అని అక్కను అడిగాను, ఆమె గంటె గిన్నెలో పెట్టి తల వంచుకుంది. తెల్లారితే వెళ్లిపోతాననీ, బతికున్నంత కాలం ఈ గడప తొక్కననీ నోటికొచ్చినట్టు అనేసి విస్తరి ముందు నుంచి లేచాను. నన్ను పెంచిన మనిషిని అంత మాట అన్నాననే బాధ కూడా నాకు అప్పుడు లేదు, నా నిజాయితీ నిలబడాలన్న పంతమే నిండా ఉంది.

తెల్లవారి సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి బావ జీపు ముందు నిలబడి ఉన్నాడు. ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. అలా తిప్పుకోవడంలో నా చూపు నేల మీద పడింది. వాకిలి పొడిగా ఉంది, మట్టి తెల్లగా పొడిపొడిగా ఉంది. జీపు మూతి కింద మాత్రం చాటంత మేర ఎర్రటి తుప్పు తడి. నేను చూస్తుండగానే పైనుంచి ఇంకో చుక్క పడింది.

మన ఇళ్లలో సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కోడి కూయకముందే ఆడవాళ్లు లేచి, వాకిలి ఊడ్చి, పేడ నీళ్ల సాన్పు చల్లి, ముగ్గు వేస్తే గానీ మగవాళ్లకు తెల్లవారదు. అక్కయితే జీపు కింద కూడా వదలకుండా చల్లేది, లక్ష్మి నిలబడే చోటు అని. మేము లేచేసరికి వాకిలంతా తడిగానే ఉండేది, ఆ తడి మాకు తడిలాగే కనిపించేది కాదు. అందుకే చాచా అడిగినప్పుడు చుక్క లేదని నిశ్చింతగా చెప్పాను. జరిగింది ఇంతే: రేడియేటర్ కింది పైపు ముడి దగ్గర రబ్బరు పాతబడింది, వేడి మీద ఉబ్బి బిగుసుకునేది, రాత్రి చల్లారాక ముడుచుకుని చుక్క చుక్క వదిలేది. కారిన నీళ్ల మీద రోజూ అక్క సాన్పు పడేది.

ఎవరు ముందో గానీ ఇద్దరం ఒకేసారి జీపు కిందికి దూరాం. బావ నా భుజం తట్టి ఆ పైపు ముడి మీది క్లిప్పు బిగించమన్నాడు, పానా తనే తెచ్చి ఇచ్చాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు, నాకు అక్కర్లేకపోయింది, అంత సంతోషం నాది. పక్కింటి అవ్వ గోడ మీది నుంచి తొంగిచూసి ఏదో అడిగితే, లీకు దొరికిందని బావ గట్టిగా చెప్పాడు. సంచీ లోపల పెట్టేశాను. మొదటి ట్రిప్పులోనే చాచా కొత్త పైపు వేశాడు, మళ్లీ ఎన్నడూ నీళ్లు తగ్గలేదు. మర్నాటి నుంచి వాకిలి మామూలుగానే తడిగా ఉంది. ఏడాది తర్వాత సక్రమంగా చెప్పే భూపాలపల్లి వెళ్లాను, రిటైరయ్యేదాకా అక్కడే తోలాను.

ఈ కథ నేను ఎన్నో పెళ్లిళ్లలో చెప్పి నవ్వించాను. బావ పోయిన కొన్నాళ్లకు అక్క మా ఇంటికి వచ్చినప్పుడు కూడా పిల్లలను కూర్చోబెట్టుకుని చెప్పాను, పసుపు నీళ్లూ, ధోవతీ అన్నీ. పిల్లలు నవ్వి లేచిపోయారు. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

“ఆ పొద్దు వాకిలి ఎందుకు ఊడ్వలేదని, మీ ఇద్దరిల ఒక్కరన్న వచ్చి అడుగుతరని పండుకొని సూసిన తమ్మీ. మీరిద్దరు జీపు కిందికి దూరిండ్రు.”

ఆమె గొంతులో కోపం లేదు. నేను కూడా కాసిని చిక్కుడుకాయలు ముందుకు లాక్కున్నాను. ఆ రోజు అడగని మాట అప్పుడైనా అడిగి ఉండాల్సింది, అదీ చేయలేదు. అక్క పోయి నాలుగేళ్లవుతోంది. ఇప్పుడు మా కోడలు ఒక పూట టీ పెట్టకపోతే మా అబ్బాయి వంటింట్లోకి వెళ్లి, ఒంట్లో బాగాలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడుగుతాడు, ఆమె ఏదో చెబుతుంది, ఇద్దరూ కలిసి టీ పెట్టుకుంటారు. హాల్లో కూర్చుని ఆ మాటలు వింటుంటాను. అడగడం అంత చిన్న పనని మా రోజుల్లో మాకు ఎందుకు తెలియలేదో, ఎంత ఆలోచించినా అంతుపట్టదు.