సబ్బు తగలని కుండ

శిక్షణ కోసం కాకినాడ నుంచి వెళ్లి సికింద్రాబాద్‌ మెట్టుగూడలో నెల రోజులు అద్దెకున్నాను. గ్రంథాలయంలో చదివి రాసుకున్న ఒక పానీయం ఎలాగైనా చేయాలని పట్టుబట్టాను. గ్లాసు అడుగున మామిడి గుజ్జు, పైన పులిసిన గంజి విడివిడి పొరలుగా నిలవాలి. రెండుసార్లు గంజి పులవకుండా కుళ్లింది. నాలుగు రోజుల్లో ఊరెళ్లిపోవాలి.

మూడోసారికి కుండ తోముతుంటే ఇంటి యజమానురాలు మల్లమ్మగారు చూశారు.

"ఏందయ్యా, సబ్బుతోని గట్ల రుద్దుతున్నవ్? కుండకు పెండ్లి చేస్తున్నవా?"

"పాత్ర శుభ్రంగా ఉండాలని పుస్తకంలో ఉందండీ."

"పులుపంతా కడిగి పారబోస్తే ఇగ దేంతోని పులుస్తది? మా అత్త కలికుండకు ఉత్త నీళ్లు తప్ప ఏం తగల్లే."

పులిసిన గంజిని వాళ్లు కలి అంటారు. తన కుండలోంచి గరిటెడు కలి తెచ్చి నా గంజిలో పోశారు.

మూడో రోజుకు గంజి పులిసింది. గుజ్జు మీద మెల్లగా పోస్తే పసుపు మీద తెలుపు కదలకుండా నిలిచింది.

మల్లమ్మగారు రుచి చూశారు. "జెర పులుపెక్కువైంది గని, మంచిగనే ఉన్నది."

సీసాడు కలితో రైలెక్కాను. నోట్సులో 'శుభ్రంగా తోమిన పాత్ర' కొట్టేసి, 'మల్లమ్మగారి కలి, ఒక గరిటె' అని రాసుకున్నాను.