మూడో ప్లగ్గు

మా వ్యాను ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి రేకు మూత తీస్తే కనిపిస్తుంది. కనిపిస్తుందంతే, చెయ్యి పెట్టడానికి చోటుండదు. దాన్ని తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, బాగుచేయాల్సిన రోజు ఒకటి వస్తుందని ఆలోచించినట్టు లేదు. మూడు స్పార్కు ప్లగ్గుల్లో రెండు సులువుగానే ఊడతాయి. మూడోది బాగా వెనక, లావుపాటి గొట్టానికీ ఒక ఇనప పట్టీకీ మధ్యన, లోతుగా ఉంటుంది. పాతదాన్ని పానాతో ఎలాగోలా ఊడదీయొచ్చు. కొత్తదాన్ని మాత్రం వేళ్ళతోనే మర పట్టించాలి. మర తప్పిందా, ఇంజను పైభాగం మొత్తం పాడైనట్టే.

రేపల్లెలో మాది బియ్యం వ్యాపారం. మిల్లు నుంచి బస్తాలు వేసుకుని పెనుమూడి దాకా ఊళ్ళన్నీ తిరిగేది ఈ వ్యానే. మూడో ప్లగ్గు మార్చడం మా ఆయన సొంత వ్యవహారం. ఆయనది సన్నటి చెయ్యి. ఆ ఒక్క పనికి మెకానిక్కు కూడా పక్కకి తప్పుకుంటాడు. "నా చెయ్యి లేకపోతే ఈ బండి కదలదు" అని గొప్పలు పోయేవారు. నేను ఊరుకుంటానా? "పోన్లెండి, ఆ చేతికి అదొక్కటైనా చేతనైంది" అనేదాన్ని. బాపట్ల పిల్లకి నోరెక్కువని పెళ్ళైన కొత్తలోనే నాకు పేరొచ్చింది. బాపట్లలో మా నాన్న లారీ నడిపేవారు. ప్లగ్గులకు పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్దడం చిన్నప్పుడు నా పని. అంచేత ఆ జిడ్డూ ఆ వాసనా నాకు కొత్త కాదు.

ఈ ఏడాది ఎండలు ముదరకముందే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. తెనాలి ఆసుపత్రిలో స్టెంటు వేశారు. మా మరిది అక్కడే ఉండిపోయాడు. నేను రోజూ రైల్లో వెళ్ళి వస్తున్నాను. స్టెంటు వేసిన మర్నాడు పక్కింటి పిన్నిగారు నన్ను గాజుల కొట్టుకు లాక్కెళ్ళింది. పసుపుకుంకాలు చల్లగా ఉండాలంటూ చేతికో డజను ఆకుపచ్చ గాజులు వేయించింది. కొట్టాయన నా చెయ్యి పిసికి, సబ్బు రాసి, ఎముకలు కలుక్కుమనేలా ఎక్కించాడు. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం తక్కువ. కానీ ఆ రోజుల్లో ఎవరేం చెయ్యమన్నా చేశాను. ఒంటికాలి మీద నిలబడమన్నా నిలబడేదాన్నే.

ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్న వ్యాను మొరాయించింది. స్టార్టయింది గానీ, ప్లగ్గులు సరిగా మండక మిస్సింగ్ కొడుతూ ఒళ్ళంతా వణుకుతోంది. ఆయన పడుకుని రావడానికి అప్పటికే వెనక బస్తాలు దించేసి పరుపు వేసి ఉంచాను. కారు మాట్లాడుకుని రమ్మని మరిది ఫోన్లో చెప్పాడు. మన బండి ఉండగా ఇంకొకళ్ళ బండి దిగితే ఆయన మొహం ఎలా మాడిపోతుందో నాకు తెలుసు. మెకానిక్కును ఇంటికే పిలిపించాను. అతను రెండు ప్లగ్గులూ మార్చాడు, మూడోచోట పాతది ఊడదీశాడు, కొత్తది పట్టుకుని నావైపు చూశాడు.

"నా చెయ్యి పట్టదక్కా. ఇది అన్నయ్య పెట్టాల్సిందే."

"అన్నయ్య తెనాల్లో పడుకున్నాడు. ఇటివ్వు."

"గాజులు తీసెయ్యక్కా, అడ్డమొస్తయ్."

తీయడానికి సబ్బు తెమ్మన్నాను. ఆ మాట ప్రహరీ అవతల పిన్నిగారికి వినిపించింది. పరుగున వచ్చేసింది. "ఆయన ఆసుపత్రిలో ఉంటే చేతులు బోసిగా పెట్టుకుంటావా ఏంటి? తప్పమ్మా, అంత మాట అనుకోకూడదు." వాదించే ఓపిక లేక గాజులన్నీ మోచేతి వైపు తోసుకున్నాను. సీటు అంచు మీద చెంప ఆనించి, పట్టీ కిందుగా చెయ్యి దింపాను. చెయ్యి వెళ్ళింది. కంటికేమీ కనిపించదు, వేళ్ళే చూసుకోవాలి. రెండుసార్లు తప్పి మూడోసారి మర పట్టింది. ప్లగ్గు మెత్తగా తిరగడం మొదలెట్టగానే, ఈ సంగతి ఆయనకు చెప్పి ఎంత ఏడిపించాలో కూడా ఆలోచించేసుకున్నాను. "అయిందయ్యా, ఇక పానాతో బిగించు" అని చెయ్యి వెనక్కి లాగాను.

రాలేదు. చెయ్యి కిందికి వంచినప్పుడు గాజులన్నీ మణికట్టు మీదికి జారి, పట్టీ దిగువన గుత్తిలా కూర్చున్నాయి. ఎంత లాగితే అంత బిగుసుకుంటున్నాయి. కొబ్బరినూనె పోశారు. సబ్బునీళ్ళు పోశారు. పట్టీ విప్పుదామంటే దాని బోల్టు నా చేతి కిందే ఉంది. చెయ్యి వాస్తోందని తెలుస్తోంది. మెడ తిప్పలేను, నడుం ఎత్తలేను. పెట్రోలు వాసన ముక్కుకి కొడుతోంది. వంగిన చోటు నుంచి నాకు కనిపించేది తెరిచిన తలుపు కింద మనుషుల పాదాలు మాత్రమే. ఇంతకంటే తెలివితక్కువ చావు ఉంటుందా అని నామీద నాకే ఒళ్ళు మండింది.

"కటింగ్ ప్లేరుతో కొట్టేస్తే వచ్చేస్తదక్కా" అన్నాడు మెకానిక్కు.

"నోర్ముయ్" అంది పిన్నిగారు.

అప్పుడే ఫోను మోగింది. మెకానిక్కు నా చెవి దగ్గర పెట్టాడు. మరిది గొంతు. "వదినా, అన్నయ్యకి మళ్ళీ నొప్పొచ్చింది. ఐసీయూలోకి తీసుకెళ్ళారు. నువ్వు తొందరగా రా. అమ్మకి ఇప్పుడే చెప్పమాక." స్పీకరు ఆన్‌లో ఉంది. చెప్పకూడని మనిషి, మా అత్తయ్య, పక్కనే వసారాలో కూర్చుని ఉంది.

మెకానిక్కు ప్లేరు తీశాడు. "కొట్టెయ్యమంటావా అక్కా?"

కొట్టెయ్ అనాలి. నమ్మకం లేనిదాన్ని, లారీ డ్రైవరు కూతుర్ని, నోరెక్కువైనదాన్ని. ఆ ఒక్క మాట రాలేదు. ఆయన అక్కడ ఎలా ఉన్నారో తెలియని ఆ నిమిషంలోనే ఇవి చిట్లితే, తర్వాత ఏదైనా అయితే, జీవితమంతా ఈ చప్పుడే నా చెవుల్లో ఉంటుంది. చిట్లకపోతే నేను ఇక్కడే ఉంటాను, ఆయన అక్కడ ఐసీయూలో ఒక్కరే ఉంటారు. "ఆగు" అన్నాను. ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు, సిగ్గు లేకుండా ఏడ్చాను. అతను ప్లేరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిన్నిగారు ఏదో దేవుడికి మొక్కుకుంటోంది.

వసారా మెట్ల మీద మా అత్తయ్య పాదాలు కనిపించాయి. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మెల్లగా దిగి వచ్చి వ్యాను పక్కన ఆగింది.

"అది ఇటియ్యబ్బాయ్" అంది.

"వదినా, నువ్వు ముట్టుకోకూడదు" అంది పిన్నిగారు అత్తయ్యతో. భర్త పోయిన మనిషి ముత్తైదువ గాజుల మీద చెయ్యి వెయ్యడమా అని ఆవిడ భయం.

అత్తయ్య ప్లేరు అందుకుంది. నా మొహం దగ్గరికి వంగింది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మీ మామయ్య పోయిననాడు నా చేతుల నిండా గాజులే ఉన్నయ్యమ్మాయ్. ఏం ఆపినయ్? వాడు గాజుల్లో లేడు, తెనాల్లో ఉన్నాడు. నువ్వెళ్ళు."

నా చేతి పక్క సందులోంచి ప్లేరు లోపలికి దింపింది. ఆవిడ చెయ్యి సన్నం, దాని మీద ఏమీ లేదు, అందుకని తేలిగ్గా దిగింది. కానీ మొదటి గాజు దగ్గర ప్లేరు పెట్టి ఆగిపోయింది. పెదవులు కదిలాయి, ఏమనుకుందో వినపడలేదు. అక్కడున్నది ఆవిడ కొడుకు. ఆవిడకి నాకంటే తక్కువ భయమేమీ కాదని అప్పుడు తెలిసింది. తర్వాత నొక్కింది. ఒక్కొక్కటే చిట్లుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. చివరి గాజు పోగానే చెయ్యి బయటికొచ్చింది, గీతలు పడి, నూనె కారుతూ. మెకానిక్కు గాజు పెంకులు ఏరి, ప్లగ్గు బిగించి, సీటు వేశాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది, ఏ వణుకూ లేదు. బండి నేనే నడిపాను. అత్తయ్య పక్కన కూర్చుంది. భట్టిప్రోలు దాటాం, వేమూరు దాటాం. చేతి నుంచి రక్తం స్టీరింగుకి అంటుతుంటే ఆవిడ కొంగుతో తుడుస్తూ వచ్చింది.

ఆసుపత్రిలో మరిది ఎదురొచ్చి, మందులిచ్చారు, నొప్పి తగ్గింది, ఇంకా రెండు రోజులు ఉంచుతారట అన్నాడు. ఐసీయూలోకి ముందు నన్నొక్కదాన్నే పంపారు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. దగ్గరికి వెళ్ళి కుడిచెయ్యి ఆయన గుండె మీద వేశాను. ఆయన ఆ చేతినే చూశారు. మణికట్టు చూశారు. చూస్తుండగానే మొహంలో రంగు పోయింది.

"డాక్టరేమన్నా చెప్పాడా?" అన్నారు, గుసగుసగా.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నా బోసి చెయ్యి చూసి ఆయనేం అనుకున్నారో అర్థమయ్యాక గబగబా అన్నాను. "అయ్యో, లేదండీ. మూడో ప్లగ్గు మార్చాను."

"ఎవరు?"

"నేనే. గాజులు ఇరుక్కుంటే అత్తయ్య తీసింది."

"అమ్మా?" అన్నారు. కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తర్వాత నా బోసి మణికట్టును తన సన్నటి చేత్తో చుట్టి పట్టుకున్నారు. గీతలు మండాయి. నర్సు వచ్చి, "టైమైందమ్మా, చెయ్యి వదిలి బయటికి రండి" అంది. ఆయన వదల్లేదు. నేనూ లాక్కోలేదు.