బొమ్మ పోయిన టీవీ

మా అక్క దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. పక్క దుకాణాలకు కాజా మిషన్లు వచ్చి ఎన్నాళ్లో అయింది. మా దర్జీ మాత్రం అక్క చేతి కాజా చూసి మిషను జోలికి పోలేదు.

దుకాణం మా ఇంటి కిందే. మధ్యాహ్నం పైకొచ్చి, అన్నం తిని, నా పిల్లలు చిన్నప్పుడు ఆడి వదిలేసిన వీడియో గేము ముందు కూర్చుంటుంది. నల్లటి ఆకాశం, కింద ఒక బుల్లి విమానం, పైనుంచి వరసలు వరసలుగా దిగే శత్రువులు. పాతికేళ్లుగా అదే క్యాసెట్టు. పిల్లలు కొత్త ఆటలు తెచ్చిచ్చినా, వాటిలో హంగామా ఎక్కువ, ఆట తక్కువ అని పక్కన పెట్టేసింది.

రెండేళ్ల కిందట, చూపు మసకబారుతోంది, కళ్ల డాక్టరుకు చూపిద్దామా అని అడిగింది. నా నోరు ఊరుకుంటేనా? ఆవగింజంత శత్రువుల్ని గురి తప్పకుండా కొడుతున్నావు, నీ కళ్లకేం రోగం, చూపించాల్సింది నాకు అన్నాను. నవ్వేసింది. మళ్లీ ఆ మాటెత్తలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పది సూదులు తెచ్చి దారం ఎక్కించమనేది. ఒళ్లు బరువెక్కింది నీకు అని సణుగుతూనే ఎక్కించేదాన్ని.

మొన్న మంగళవారం వంటగదిలోంచి వచ్చేసరికి టీవీలో బొమ్మ లేదు. తెర మొత్తం నలుపు, సౌండు మాత్రం వస్తోంది. అక్క ఆడుతూనే ఉంది. ఒక వరస అయిపోయినట్టు పాట మోగింది. కాసేపటికి ఇంకో వరస.

"అక్కా, బొమ్మ ఏది?" అన్నాను.

వేళ్లు ఆగాయి. "పోయిందా? ఎప్పుడు?" అంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. నా భుజం ఎక్కడుందో తడిమి, దాని మీద చెయ్యి వేసింది.

"కొత్త ఆటల్లో ఎవడు ఎటునుంచి వస్తాడో తెలీదే. వీళ్లు పాతికేళ్లుగా వచ్చే చోటునుంచే వస్తున్నారు. చప్పుడు వింటే చాలు."

కాజాలూ అంతేనట, వేళ్లకే తెలుసునట. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టిన నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటిలో మిగిలిన కాస్త చూపును చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి, పోయింది మాత్రం తిరిగి రాదు. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే చాలావరకు కాపాడేవాణ్ణి, ఎందుకు రాలేదని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"మా చెల్లెలు రమ్మంటూనే ఉందండీ. నేనే వినలేదు."